వెలుగు చేయు గాయము – కణము చేయు చికిత్స

సూర్యుడు ప్రత్యక్షదైవమని పెద్దలు చెప్పుదురు. పైరు పండుటకును, మేఘము వర్షించుటకును, ప్రాణికోటి మనుటకును ఆయన వెలుగే ఆధారము. అయినను ఆ వెలుగంతయు ప్రాణమును పోయునది కాదు. అందు ప్రాణమునకు హాని చేయు భాగము కూడ కొంత కలదు.

ఇంద్రధనుస్సున కానవచ్చు రంగులలో ఒక కొసన ఉన్నది ఊదారంగు. దానికి ఆవల కంటికి కనబడని కిరణములు కొన్ని ఉన్నవని 1801వ సంవత్సరమున జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు జొహాన్ రిట్టర్ కనుగొనెను. వెండి లవణము పూసిన కాగితము, ఊదారంగు పడిన చోటకంటె దానికి ఆవల ఏ రంగును కనబడని చోట త్వరగా నల్లబడుట ఆయన గమనించెను. ఈ కిరణములకే అతినీలలోహిత కిరణములని పేరు. 1877లో ఇంగ్లండునందు డౌన్స్, బ్లంట్ అను ఇరువురు మరియొక విశేషమును చూపిరి. సూక్ష్మజీవులు పెరుగుటకు తగిన ద్రవమును గాజు గొట్టములలో పోసి, కొన్నిటిని ఎండలో నుంచిరి. కొన్నిటిని వెలుగు సోకకుండ కప్పి యుంచిరి. కప్పిన గొట్టములలోని ద్రవము సూక్ష్మజీవులతో నిండి మడ్డివారెను. ఎండ తగిలిన గొట్టములలోని ద్రవము తేటగానే నిలిచెను. ఎండ సూక్ష్మజీవులను చంపునని తేలెను.

సూర్యుని నుండి వచ్చు అతినీలలోహిత కిరణములలో మిక్కిలి క్రూరమైన వానిని ఆకాశమున ఎత్తున నున్న ఓజోను పొర అడ్డగించుచున్నది. అయినను ఆ జల్లెడను దాటి కొన్ని భూమిని చేరుచునే యున్నవి. చెట్టు ఆకు నీడకు పోలేదు. పండు తొక్కపై నివసించు సూక్ష్మజీవి గొడుగు పట్టుకొనలేదు. ప్రతిదినము ఎండ దెబ్బ తినుచు అవి ఎట్లు బ్రదుకుచున్నవి? గాయము తగులకపోవుటచేత కాదు. తగిలిన గాయమును మాన్పుకొను నేర్పు వానియందుండుటచేత. ఆ నేర్పు ఎట్టిదో శాస్త్రజ్ఞులకు విశదముగా తెలిపిన జీవులలో ఈస్టు ముఖ్యమైనది.

రొట్టెల దుకాణమున పిండి పొంగుటకై కలుపు పదార్థమే ఈస్టు. ప్రొద్దెక్కిన కొలది తాటికల్లు నురుగు కట్టి పులియుటకు కారణమైనవియు ఈ జాతి జీవులే. పండిన ద్రాక్షపండ్ల తొక్కపైనను, పూల తేనెయందును ఇవి నివసించును. ఈస్టు శిలీంధ్ర జాతికి చెందినది. ఒకే కణము దాని శరీరము. రెండువందల కణములను వరుసగా పేర్చినచో ఆ వరుస పొడవు సుమారు ఒక మిల్లీమీటరగును. తగిన ఆహారమును, వెచ్చదనమును లభించినచో ఈ కణము గంటన్నరలో ఒక చిన్న మొగ్గను తొడుగును. ఆ మొగ్గ పెరిగి, విడివడి, మరియొక కణమగును.

ఇంత అల్పజీవిని శాస్త్రజ్ఞులు ఏల ఎన్నుకొనిరి? దీనిని పెంచుట సులభము, ఖర్చు స్వల్పము, ఒక్క రాత్రిలో కోట్ల కణములు లభించును. అంతకంటె ముఖ్యమైన కారణము వేరొకటి కలదు. బాక్టీరియాకు కేంద్రకము లేదు. ఈస్టు కణమునకు మానవుని కణమునకు వలెనే కేంద్రకము కలదు. అందు పదునారు క్రోమోసోములు, వానియందు సుమారు ఆరువేల జన్యువులు ఉన్నవి. కేంద్రకముగల జీవులన్నిటిలో మొట్టమొదట సంపూర్ణముగా చదువబడిన జన్యుగ్రంథము ఈస్టుదే. ఆ పని 1996లో పూర్తియైనది. ఆ గ్రంథమును చదివినకొలది మానవుని జన్యువులకును ఈస్టు జన్యువులకును గల చుట్టరికము బయటపడుచు వచ్చినది.

గ్రంథమను మాట ఇచ్చట అలంకారము కొరకు వాడినది కాదు. కేంద్రకములోని డి.ఎన్.ఏ. అను పదార్థము నిజముగా ఒక వ్రాత వంటిదే. దాని ఆకారము మెలితిరిగిన నిచ్చెన వలె నుండునని 1953లో వాట్సన్, క్రిక్ అనువారు నిరూపించిరి. నిచ్చెనకు రెండు నిట్రాళ్లుండును. వానికి అంటుకొని అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అను నాలుగు పదార్థములు వరుసగా నిలిచియుండును. ఇవియే ఆ గ్రంథమునకు అక్షరములు. ఈస్టు కణమున ఇట్టి అక్షరముల జంటలు సుమారు ఒక కోటి ఇరువది లక్షలున్నవి. ఏ ప్రోటీనును ఎట్లు తయారుచేయవలెనో, దేనిని ఎప్పుడు తయారుచేయవలెనో తెలుపు ఆజ్ఞలన్నియు ఈ అక్షరములతోనే వ్రాయబడియున్నవి.

ఈ వ్రాతలో ఒక గొప్ప కట్టడి కలదు. ఒక నిట్రాటిపై అడినిన్ ఉన్నచో, ఎదుటి నిట్రాటిపై థైమినే ఉండవలెను. ఒకదానిపై గ్వానిన్ ఉన్నచో, ఎదుట సైటోసినే ఉండవలెను. కావున ఒక ప్రక్క వ్రాతను బట్టి రెండవ ప్రక్క వ్రాత ఏమైయుండునో తప్పక చెప్పవచ్చును.

పూర్వకాలమున గ్రంథములను తాటాకులపై గంటముతో వ్రాసెడివారు. కొంతకాలమునకు ఆకు చిరిగియో, పురుగు తొలిచియో కొన్ని అక్షరములు పోయెడివి. అట్టి లోపమునకు గ్రంథపాతమని పేరు. దానిని పూరింపగోరిన పండితుడు ఊహించి వ్రాయడు. అదే గ్రంథమునకు మరియొక ప్రతిని, అనగా ప్రత్యంతరమును వెదకి తెచ్చి, దానిని చూచి ఖాళీని నింపును. డి.ఎన్.ఏ. గ్రంథమునకు ప్రత్యంతరమును వెదకుటకై ఊరూర తిరుగ నక్కరలేదు. ఎదుటి నిట్రాటిపైననే అది సిద్ధముగా నున్నది. కణము చేసికొను చికిత్సలో అధికభాగము ఈ ఒక్క సదుపాయముపై ఆధారపడియున్నది.

ఇక గాయమెట్టిదో తెలిసికొనవలెను. అతినీలలోహిత కిరణము తగిలినప్పుడు డి.ఎన్.ఏ. దాని శక్తిని గ్రహించును. ఒకే నిట్రాటిపై ప్రక్కప్రక్కన రెండు థైమినులు ఉన్న చోట ఆ శక్తి చేటు తెచ్చును. ఎదుటి అడినినులతో చేయి కలుపవలసిన ఆ రెండును తమలో తాము గట్టిగా అతుకుకొని ముడిపడిపోవును. 1960లో నెదర్లాండ్స్ దేశమున బ్యూకర్స్, బెరెండ్స్ అను శాస్త్రజ్ఞులు థైమిన్ ద్రావణమును గడ్డకట్టించి, దానిపై ఈ కిరణములను ప్రసరింపజేసి, ఇట్టి జంటలు ఏర్పడుటను చూపిరి. థైమిన్ ప్రక్కన సైటోసిన్ ఉన్నను, రెండు సైటోసినులు ప్రక్కప్రక్కన ఉన్నను ఇట్టి ముడి పడవచ్చును.

ముడిపడిన చోట నిచ్చెన వంకర తిరుగును. కణము రెండుగా విడివడుటకు ముందు డి.ఎన్.ఏ. గ్రంథమంతయు నకలు కావలెను. నకలు తీయు ప్రోటీను అక్షరము తరువాత అక్షరమును చూచుచు సాగివచ్చి, ముడివద్ద నిలిచిపోవును. ఆజ్ఞలను చదువు ప్రోటీనుయు అట్లే ఆగును. నకలు పూర్తి కానిచో కణము చచ్చును. ఒకవేళ ముడికి ఎదురుగా తప్పు అక్షరము పడి నకలు ముందుకు సాగినచో, ఆ తప్పు తరతరములకు నిలిచిపోవును. దానినే ఉత్పరివర్తనమందురు. ఈ కిరణములవలన కలుగు తప్పులలో సైటోసిన్ ఉండవలసిన చోట థైమిన్ చేరుట ముఖ్యమైనది.

ఈ గాయమును మాన్పుకొనుటకు ఈస్టు కణమునకు మూడు మార్గములున్నవి. మొదటిదాని జాడ ఒక చిక్కు సమస్య ద్వారా దొరకెను. అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ కెల్నర్ అను శాస్త్రజ్ఞుడు స్ట్రెప్టోమైసిన్ మందునిచ్చు సూక్ష్మజీవుల బీజములపై అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేయుచుండెను. ఒకే మోతాదు కిరణములు తగిలినను ఒకనాడు కొద్ది బీజములే బ్రదుకును; మరియొకనాడు అనేకము బ్రదుకును. కారణము వేడిమిలోని భేదమేమో యని ఆయన మొదట అనుమానించెను. వేడిమిని ఎంత జాగ్రత్తగా సమము చేసినను ఫలితములు కుదురలేదు. కడకు, వెలుగు తగిలిన బీజములు కోలుకొనుచున్నవనియు, చీకటిలో నున్నవి చచ్చుచున్నవనియు ఆయన గ్రహించి 1949లో ప్రకటించెను. కంటికి కనబడని వెలుగు చేసిన గాయమును కంటికి కనబడు వెలుగు మాన్పుచున్నది! ముల్లును ముల్లుతోనే తీయుట యనగా ఇదియే.

వెలుగు తానై ఈ పని చేయునా, కణములోని ఏ పదార్థమైనను తోడుపడునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటలో ఈస్టు ముందుకు వచ్చినది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున క్లాడ్ రూపర్ట్ అను శాస్త్రజ్ఞుడు ఒక బాక్టీరియము యొక్క డి.ఎన్.ఏ.ను కణమునుండి వేరుచేసి, దానిని అతినీలలోహిత కిరణములచే పాడుచేసెను. దానికి రొట్టెలలో వాడు ఈస్టు నుండి తీసిన రసమును కలిపి వెలుగులో నుంచగా, డి.ఎన్.ఏ. తన పూర్వపు శక్తిని తిరిగి పొందెను. రసము కలుపక వెలుగులో నుంచినను, రసము కలిపి చీకటిలో నుంచినను ప్రయోజనము కలుగలేదు. రసమును వెలుగును రెండును కావలెనన్నమాట. ఈస్టు రసముపై చేసిన ఈ పరిశోధన 1960లో వెలువడెను. ఈ చికిత్సవలన థైమిన్ ముడులు నిజముగానే మాయమగుచున్నవని 1962లో వుల్ఫ్, రూపర్ట్ చూపిరి.

ఆ రసములోని వైద్యుని పేరు ఫోటోలయేజ్. అది ఒక ఎంజైము. చీకటిలో సైతము అది ముడిపడిన చోటును వెదకి పట్టుకొని కూర్చుండును. కాని వెలుగు వచ్చువరకు పని ప్రారంభింపదు. దానియందు రెండు సహాయ పదార్థములున్నవి. ఒకటి ఫోలిక్ ఆమ్లమునకు చెందినది. అది దీపపు గాజువలె వెలుగును వెలువరించునది కాదు. దోసిలివలె ఊదా, నీలి కాంతిని పట్టి, రెండవదానికి అందించునది. ఆ రెండవది రైబోఫ్లావిన్ అను బి2 విటమినునుండి తయారైనది. అది కాంతి బలమును పొంది, ముడిపడిన థైమినులకు ఒక ఎలక్ట్రానును అరువిచ్చును. ఆ ఎలక్ట్రాను చేరగానే ముడి విడిపోవును. అరువిచ్చిన ఎలక్ట్రాను తిరిగి వచ్చి చేరును. ఇదంతయు రెప్పపాటులో కోట్లవవంతు కాలమున ముగియును. ఒక్క అక్షరమునైనను కోయుట లేదు, పారవేయుట లేదు. పాత అక్షరములే యథాస్థానమున నిలుచును.

ఇచ్చట తెలుగువారికి సంతోషము కలిగించు ఒక సంగతి కలదు. ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా పరిశోధక బృందమునకు నాయకత్వము వహించినవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. 1940-50 దశకమున ఆయన బృందము సాధించిన ఆ పదార్థపు జాతిదే ఈస్టు కణమున కాంతిని పట్టు దోసిలి యని 1988లో తేలినది.

మొదటి మార్గము సులువైనది. కాని వెలుగు లేనిచో సాగదు. చీకటిలో గాయపడిన కణము గతి ఏమి? 1964లో అమెరికాలో వేర్వేరు పరిశోధకులు బాక్టీరియాపై పరిశోధించి, కణము చీకటిలో ముడిపడిన భాగమును కత్తిరించి పారవేయుచున్నదని కనుగొనిరి. ఇదియే రెండవ మార్గము. ఈస్టులో ఈ పనిని చేయువారెవరో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము పన్నిరి. ఒక యంత్రమున ఏ మర ఏమి చేయునో తెలియనప్పుడు, ఒక్కొక్క మరను ఊడదీసి యంత్రమెట్లు చెడునో చూచినచో తెలియును. అట్లే వారు జన్యువులలో లోపము కలిగిన ఈస్టు కణములను వేలకొలది పెంచి, వానిపై అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసిరి. సాధారణ కణములు తట్టుకొనగల కొద్దిపాటి కిరణములకే చచ్చు కణములను ఏరి వేరుచేసిరి. 1968లో ఇంగ్లండునందు కాక్స్, ప్యారీ అనువారు ఇట్టి కణములను అనేకము సేకరించి, ఈ పనికి ఒకటి రెండు కాదు, ఇరువదికి పైగా జన్యువులు కావలెనని చూపిరి. రేడియేషన్ అను మాటలోని మొదటి అక్షరములను బట్టి ఈ జన్యువులకు రాడ్ అని పేరిడి, రాడ్1, రాడ్2, రాడ్3 అని సంఖ్యలు చేర్చిరి. ఆ జన్యువులనుండి తయారగు ప్రోటీనులకును అవే పేర్లు.

ఈ ప్రోటీనుల పని పండితుడు తాటాకు గ్రంథమును సవరించు విధముగ నుండును. మొదట లోపమున్న చోటును గుర్తింపవలెను. కోటికి పైబడిన అక్షరములలో రెండు ముడిపడినచో దానిని కనిపెట్టుట సామాన్యము కాదు. ఈ పని రాడ్4, రాడ్23 అను జంట చేయును. చిత్రమేమనగా, రాడ్4 ముడిని నేరుగా తాకి చూడదు. ముడిపడిన చోట రెండు నిట్రాళ్ల మధ్య పట్టు వదులగును. ఆ వదులును కనిపెట్టి, అది మధ్యకు చొరబడి, చెడిన అక్షరములను వెలికి త్రోసి, ఎదుటి నిట్రాటిని పట్టుకొనును. డి.ఎన్.ఏ. దట్టముగా చుట్టుకొని యున్న చోట్ల గాయమును గుర్తించుటకు రాడ్7, రాడ్16 తోడుపడును.

తరువాత ఒక పెద్ద ప్రోటీను సముదాయము అచ్చటికి చేరును. అందులోని రాడ్3, రాడ్25 అనునవి గాయమునకు ఇరుప్రక్కల నిచ్చెనను విప్పును. రాడ్3 నిట్రాటి వెంట నడచుచు ముడివద్ద ఆగును. దానితో గాయము నిజమేనని రూఢియగును. లేనిపోని అనుమానముతో మంచి వ్రాతను చెరుపకుండుటకై ఈ రెండవ పరీక్ష కావలెను. రాడ్14 మున్నగునవి విప్పిన నిట్రాళ్లను సరియైన స్థితిలో నిలుపును. పిమ్మట కత్తెరలు పనిచేయును. ముడికి ఒక ప్రక్క రాడ్2 కత్తిరించును. రెండవ ప్రక్క రాడ్1, రాడ్10 జంటగా కత్తిరించును. సుమారు ఇరువదియైదు అక్షరముల తునక, ముడితోసహా, ఊడి వచ్చును. చెడినవి రెండక్షరములే, అయినను చుట్టుప్రక్కల మంచి భాగమును కూడ కొంత తీసివేయుట, వైద్యుడు పుండుచుట్టు కొంత మంచి చర్మమును తొలగించుట వంటిది.

ఇప్పుడు గ్రంథపాతము ఏర్పడినది. ప్రత్యంతరము ఎదుటనే యున్నది. నకలు తీయు ప్రోటీనులు ఎదుటి నిట్రాటిని చూచి, అడినినుకు ఎదురుగా థైమినును, గ్వానినుకు ఎదురుగా సైటోసినును వరుసగా చేర్చి ఖాళీని నింపును. చివరి కొసను లైగేజ్ అను ఎంజైము అతికించును. పని ముగిసినపిమ్మట అచ్చట ముడి యుండెనని చెప్పు గురుతు ఒక్కటియు మిగులదు. ఈ కథనమంతయు ఊహ కాదు. 1995లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున లూయీజ్ ప్రకాశ్, సత్యప్రకాశ్ దంపతులును, పాట్రిక్ సంగ్ మొదలగు వారి సహచరులును ఈస్టునుండి ఈ ప్రోటీనులను ఒక్కొక్కదానిని శుద్ధిచేసి తీసి, అన్నిటిని గాజు నాళికలో కలిపి, కణము వెలుపలనే ఈ కత్తిరింపును జరిపి చూపిరి.

గ్రంథమంతటను ఒకే వేగముతో సవరణ జరుగదు. కణము అప్పటికప్పుడు చదువుకొనుచున్న ఆజ్ఞలలో గాయము తగిలినచో దానికి ముందుగా చికిత్స జరుగును. ఆజ్ఞను చదువుచున్న ప్రోటీను ముడివద్ద నిలిచిపోవుటయే అచ్చట ప్రమాద ఘంట. రాడ్26 అనునది ఆ నిలిచిన చోటికి వచ్చి, తక్కిన వైద్యులను రప్పించును. వాడుకలో నున్న పుటను ముందుగా బాగుచేయుట ఎంతటి వివేకము!

అయినను గాయములు ఎక్కువైనప్పుడు అన్నియు మానకమునుపే నకలు తీయు వేళ రావచ్చును. అప్పుడు కణము రెండు పనులు చేయును. ఒకటి, వేచియుండుట. రాడ్9 అను జన్యువు చెడిన కణములు గాయమును లెక్కచేయక విభజన చెంది చచ్చుననియు, అది సరిగానున్న కణములు చికిత్స ముగియువరకు విభజనను ఆపుకొనుననియు 1988లో వైనర్ట్, హార్ట్‌వెల్ కనుగొనిరి. రెండవది, గాయమును మాన్పకయే దాటిపోవుట. ఇదియే మూడవ మార్గము. రాడ్6, రాడ్18 అను ప్రోటీనులు నకలు యంత్రమునకు ఒక గురుతు తగిలించును. ఆ గురుతును బట్టి, మామూలు లేఖకుని స్థానమున రాడ్30 అను వేరొక లేఖకుడు వచ్చి కూర్చుండును. ముడిపడిన రెండు థైమినులకు ఎదురుగా రెండు అడినినులను సరిగా వ్రాసి, ముడిని దాటించి, ఆతడు తప్పుకొనును. ముడి అచ్చటనే యుండును. కాని నకలు నిలువదు. తరువాత తీరికగా దానికి చికిత్స జరుగును. రాడ్30 లేనిచోట ఇతర లేఖకులు ఆ పని చేయుదురుగాని, వారి చేత తప్పులు ఎక్కువగా దొరలును. ప్రాణము దక్కుటకై కణము ఆ తప్పులను సైతము సహించును.

రొట్టెపిండిలోని జీవి తన గాయమును ఎట్లు మాన్పుకొన్నను మానవునికి ఏమి? ఈ ప్రశ్నకు సమాధానము కొందరు పిల్లల జీవితములలో నున్నది. జిరోడెర్మా పిగ్మెంటోసమ్ అను అరుదైన వ్యాధి పుట్టుకతో వచ్చును. దీనిని 1870-80 దశకమున వియన్నా నగరపు వైద్యుడు మోరిట్జ్ కపోసి వర్ణించెను. ఈ వ్యాధి గల పిల్లలలో కొందరికి కొద్ది నిమిషముల ఎండకే చర్మము కాలినట్లు పొక్కును. ముఖముపైనను చేతులపైనను మచ్చలు క్రమ్మును. కండ్లు వెలుగును ఓర్వలేవు. బాల్యముననే చర్మమునకు క్యాన్సరు సోకును. ఇతర పిల్లలు పగటిపూట మైదానమున ఆడుకొనుచుండగా, వీరు తెరలు దించిన గదులలో ప్రొద్దు క్రుంకుటకై ఎదురుచూడవలసి వచ్చును.

ఈ పిల్లల చర్మకణములు అతినీలలోహిత కిరణముల గాయమును కత్తిరించి సరిచేయలేకున్నవని 1968లో కాలిఫోర్నియాలో జేమ్స్ క్లీవర్ చూపెను. కాని చెడిన జన్యువు ఏది? వేర్వేరు రోగులలో వేర్వేరు జన్యువులు చెడియున్నవని క్రమముగా తేలెను. ఆ జన్యువులను ఒక్కొక్కటిగా పట్టి చూడగా, శాస్త్రజ్ఞులకు పరిచితమైన ముఖములే కనబడినవి. ఒక రకము రోగులలో చెడినది ఈస్టులోని రాడ్14కు చుట్టము. మరియొక రకమున రాడ్3కు, వేరొక రకమున రాడ్4కు, ఇంకొక రకమున రాడ్2కు చుట్టము. ఈస్టుకును మానవునకును ఉమ్మడి పూర్వజీవి నూరు కోట్ల ఏండ్లకు పూర్వపు మాట. అంతకాలము గడచినను ఈ వైద్యుల కుటుంబము చెదరలేదు.

ఇందులో ఒక రకము రోగుల సంగతి చాలకాలము అంతుపట్టలేదు. వారి కణములలో కత్తిరింపు చికిత్స సరిగానే జరుగుచున్నది. అయినను వ్యాధి సోకుచున్నది. 1999 ప్రారంభమున ప్రకాశ్ దంపతుల బృందము ఈస్టులోని రాడ్30 ముడిని దాటి వ్రాయగల లేఖకుడని కనుగొనెను. కొద్ది నెలలలోనే, ఆ రోగులలో చెడినది మానవుని రాడ్30 వంటి జన్యువేనని జపానులోను అమెరికాలోను పరిశోధకులు నిరూపించిరి. సరియైన లేఖకుడు లేనందున ఇతరులు వ్రాసిన తప్పులు వారి చర్మమున పేరుకొనుచున్నవన్నమాట. అంతుచిక్కని రోగమునకు కారణము తెలిపినది ఈస్టు.

ఈ వ్యాధిని పూర్తిగా కుదుర్చు మందు ఇంకను లభింపలేదు. అయినను కారణము తెలియుట వ్యర్థము కాదు. ఏ జన్యువు చెడినదో పరీక్షించి, వ్యాధిని బాల్యముననే గుర్తించి, ఎండనుండి కాపాడినచో ఆ పిల్లల చర్మమునకు, కండ్లకు కలుగు హాని మిక్కిలి తగ్గును. నిండు దుస్తులు, ముఖమునకు ముసుగు, కిటికీలకు కిరణములను అడ్డగించు పొర, చర్మముపై పూత – ఇవియే వారికి కవచములు. కణము లోపల చేయలేని పనిని తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, స్నేహితులు వెలుపలనుండి చేయవలసియున్నది.

మరియొక విషయము గమనింపదగినది. వెలుగు సాయముతో ముడిని విప్పు ఫోటోలయేజ్ ఈస్టుకు కలదు. కంగారువంటి జంతువులకు కలదు. మానవునికి మాత్రము లేదు. మానవజాతి పూర్వులు దానిని ఎప్పుడో కోల్పోయిరి. ఈ విషయమున అల్పమైన ఈస్టే మానవునికంటె సంపన్నము. కత్తిరింపు చికిత్సయే మానవ చర్మమునకు ముఖ్యమైన అండ. అది చెడిన పిల్లలు అంతగా బాధపడుటకు ఇదియు ఒక కారణమే. ఆరోగ్యవంతులు సైతము మిట్టమధ్యాహ్నపు తీవ్రమైన ఎండలో గంటలకొలది నిలువరాదని వైద్యులు చెప్పుట ఇందుకే.

డి.ఎన్.ఏ. చికిత్సను గూర్చి పరిశోధించిన తోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్ అను మువ్వురకు 2015లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. వీరిలో సంజార్ టర్కీ దేశమున పుట్టినవాడు. ఈస్టు రసముతో ముడులు విప్పిన రూపర్ట్ వద్ద శిష్యరికము చేసినవాడు. గురువు చూపిన బాటలోనే ఫోటోలయేజ్ రహస్యమును ఆయన ఛేదించెను.

పండు తొక్కపై ఎండలో పడియున్న ఈస్టు కణమునకు కోట లేదు, కవచము లేదు. దానికి గాయములు తగులుచునే యుండును. అయినను దాని వంశము నిలిచియున్నది. ఏలయన, అది తన గ్రంథమును రెండు ప్రతులుగా దాచుకొన్నది. ఒకటి చెడినప్పుడు రెండవదానిని చూచి దిద్దుకొనుచున్నది. దిద్దుకొనుటకు వ్యవధి కావలసినచో నిలిచి వేచియుండుచున్నది. తప్పు తగులకుండుట ఎవరి వశమునను లేదు. తగిలిన తప్పును గుర్తించి, సరియైన ప్రతిని ఎదుట నుంచుకొని, ఓపికతో దిద్దుకొనుటయే జీవమునకు ఆధారము. ఈ పాఠమును ప్రతి ప్రాణి శరీరమున ప్రతి కణము, ప్రతిదినము, ఎవరికిని తెలియకుండ ఆచరించుచున్నది.